తొమ్మిది లక్షల తొంభై నాలుగు వేల తొమ్మిది

టైలరు వారానికి మూడు రోజులు కొట్టు మూసి, భార్యను డయాలిసిస్‌కు తీసుకెళ్లేవాడు. వెళ్లినప్పుడల్లా నాలుగు గంటలు. ముప్పై ఏళ్లు బడిలో లెక్కలు చెప్పిన ఆవిడకు పైకప్పు చూస్తూ పడుకోవడం చేతకాలేదు. మొదటి వారంలోనే, డయాలిసిస్ మిషను మీద అతికించిన నంబరు చదవమంది.

"తొమ్మిది లక్షల తొంభై నాలుగు వేల తొమ్మిది."

"ప్రధాన సంఖ్యేమో! ఒకటీ, తనూ తప్ప ఇంకేదీ దాన్ని భాగించకపోతే అంతే. చూద్దామా?"

అది పది లక్షల లోపుది కాబట్టి, వెయ్యి లోపు ప్రధాన సంఖ్యలతో భాగించి చూస్తే చాలంది. అవి నూట అరవై ఎనిమిది. ఆవిడ కుడిచేతికి సూదులు. అందుకని ఆవిడ చెబుతుంటే టైలరు కొలతల పుస్తకంలో రాసేవాడు. ఏడుతో భాగిస్తే శేషం మిగిలింది. పదకొండుతోనూ మిగిలింది. రోజుకు నాలుగైదు చేసేసరికి ఆవిడ గొంతు పీలగా అయ్యేది, ఆయనకు మెడ పట్టేసేది. ఇంటికెళ్లాక ఇద్దరికీ మాట్లాడే ఓపిక కూడా ఉండేది కాదు.

మూడు నెలలు గడిచాయి. నూట అరవై ఏడు అయ్యాయి. ఆ రోజు ఆవిడ బీపీ పడిపోయింది. నర్సు వచ్చి కాళ్లు ఎత్తుగా పెట్టి వెళ్లింది.

"ఇంక ఒక్కటే ఉంది," అన్నాడు టైలరు.

"వదిలేయండి. ప్రధాన సంఖ్యే అది. నా వల్ల కాదు." కళ్లు మూసుకుంది.

ఏం తోచక, టైలరు తనే తొమ్మిదివందల తొంభై ఏడుతో భాగించాడు. తొమ్మిది, మళ్లీ తొమ్మిది, ఆఖరున ఏడు. కింద సున్నా. భయం వేసింది. కాగితం తిప్పి మొదటినుంచీ చేశాడు. మళ్లీ సున్నాయే.

"ఏమే, శేషం రావట్లేదు."

"ఎక్కడో తప్పు చేసుంటారు."

పుస్తకం ఆవిడ కళ్ల ముందు పట్టుకున్నాడు. ఆవిడ పెదాలు కదిలాయి. చాలాసేపు చూసింది.

"తొమ్మిదివందల తొంభై ఏడుని దాంతోనే గుణిస్తే వచ్చింది. వర్గం! ఇంకే ప్రధాన సంఖ్యా దీన్ని భాగించదు. అయ్యో, మొదటి రోజే వర్గమూలం తీసుంటే నిమిషంలో తేలేది. పిల్లలకు ముందు అదే చూడమని చెప్పేదాన్ని. బుర్ర పాడైపోయిందండీ నాకు." కళ్లవెంట నీళ్లు కారాయి.

"తేలిపోయుంటే ఈ మూణ్ణెల్లూ ఏం చేసేవాళ్లం?" అన్నాడాయన. ఓదార్చడానికి అన్న మాట కాదు. నిజంగానే ఆయనకు తెలియక అడిగాడు.

ఆవిడ ఎడమచెయ్యి చాపి ఆయన మెడ నొక్కింది, నొప్పి ఎక్కడో తెలిసినట్టే.

నాలుగు గంటలయ్యాయని మిషను కూత పెట్టింది. నర్సు వచ్చి సూదులు తీసి దూది పెట్టింది. "పది నిమిషాలు గట్టిగా అదిమి పట్టుకోండి," అంది. టైలరు దూది మీద బొటనవేలు ఆనించి, మంచం అంచున కూర్చుండిపోయాడు.