తెల్లదొకటి, పసుపుదొకటి

రిటైరైన బస్సు డ్రైవరు మందుల షాపు కౌంటరు మీద రెండు ఖాళీ షీట్లు పెట్టాడు.

“షుగరు మాత్రలు అయిపోయాయమ్మా. వాటితోపాటు బలానికి ఏదన్నా టానిక్కు ఇద్దూ. పదకొండయ్యేసరికి ఒళ్లంతా చెమట, కాళ్లలో వణుకు. ‘ఇన్నాళ్లూ బస్సు ఊగింది, ఇప్పుడు నువ్వే ఊగుతున్నావు’ అని మీ పిన్ని ఒకటే ఎగతాళి.”

షాపు అమ్మాయి నవ్వుతూ టానిక్కు సీసా అందుకోబోయి, కంప్యూటరులో తేదీ చూసి ఆగిపోయింది. నెలకు సరిపడా ఇచ్చి పదిహేను రోజులే అయింది.

“అప్పుడే ఎలా అయిపోయాయి బాబాయ్? ఎలా వేసుకుంటున్నారో చెప్పండి.”

“ఎలా ఏముంది, నువ్విచ్చినట్టే. పొద్దున్నే తెల్లదొకటి, పసుపుదొకటి. ఒక్కరోజు తప్పితే ఒట్టు!”

ఆమె ఖాళీ షీట్లు తిప్పి చూసింది. ఆ రోజు స్టాకు చాలక తెల్లవి ఒక షీటు, మిగతా సగానికి వేరే కంపెనీ పసుపువి ఒక షీటు కలిపి ఇచ్చింది తనే. “రెండూ ఒకటే మందు బాబాయ్, కంపెనీ వేరంతే. అర్థమైందా?” అని అప్పుడే అడిగింది. ఆయన తలూపాడు. వాళ్లింట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి తను. ‘అర్థమైందా’ అని అడగకుండా ఎవరినీ పంపనని అందరికీ చెప్పుకునేది కూడా.

స్టూలు మీద కూర్చోబెట్టి, వేలు పొడిచి షుగరు చూసింది. యాభై రెండే! గబగబా గ్లూకోజు కలిపి తాగించి, డాక్టరుకు ఫోను చేసింది. వెంటనే పంపించమన్నాడు.

“ఏంటమ్మా ఈ కంగారు? బానే ఉన్నాగా.”

“నావల్లే తప్పు జరిగింది బాబాయ్. మీరు రోజూ రెండింతల మందు వేసుకున్నారు.”

ఆయన ముఖంలో నెత్తురుచుక్క లేదు. “మరి ఆ రోజే చెప్పొచ్చు కదమ్మా?”

చెప్పాననే మాట నోటిదాకా వచ్చింది. మింగేసింది.

ఆయన్ని బండి ఎక్కించి వచ్చి, మళ్లీ కంప్యూటరు ముందు కూర్చుంది. అలా కలిపి ఇచ్చింది ఇంకో ఇద్దరికి. ఫోను చేస్తే మొదటావిడ రోజుకు ఒక్కటే వేసుకుంటున్నానంది. రెండో మనిషి నంబరుకు చేస్తే అతని భార్య పలికింది.

“మీవారు షుగరు మాత్రలు రోజుకెన్ని వేసుకుంటున్నారండీ?”

“రెండు రంగులూ ఒక్కోటి. ఇందాకే వేసుకుని డ్యూటీకి వెళ్లారు.”

“ఏం డ్యూటీ?”

“క్రేను నడుపుతారు కదమ్మా.”

ఆమె పెన్ను అందుకుంది. “ముందు ఆయన దగ్గరున్న ఫోను నంబరు చెప్పండి” అంది.