మంట లేని పొయ్యి

నల్లమ్మ పనిచేసే వేరుశనగ మిల్లులో అగ్గిపుల్ల గీయడానికి వీల్లేదు. షెడ్డు పొడుగునా కాయల పొట్టు గుట్టలుగా పడి ఉండేది. నిరుడు ఎవరో బీడీ ముక్క పారేస్తే సగం షెడ్డు తగలబడింది. అప్పటినుంచి మేస్త్రీ కుళ్ళాయప్ప గేటు దగ్గరే ఆడవాళ్ళ సద్దిమూటలు కూడా విప్పించి చూస్తున్నాడు. తెల్లవారుజామున వండుకుపోయిన జొన్నసంగటి మధ్యాహ్నానికి గట్టిపడి గొంతు దిగేది కాదు. నల్లమ్మకు కడుపులో పుండు. వేడిగా, మెత్తగా తినమని డాక్టరు చెప్తే ఆమె సరేనని తలూపి వచ్చేసింది. వేడిగా ఎక్కడ తినాలో ఆయనా చెప్పలేదు, ఆమె కూడా అడగలేదు.

ఆమె కూతురు తిరుపాలమ్మ యాడికి ఊరి హైస్కూల్లో పదో తరగతి. ఎనభై ఐదు నాటి మాట ఇది. వానలు మొహం చాటేసి మూడో ఏడు. పొద్దున్నే మైలు దూరం పోయి బోరింగు దగ్గర వరసలో నిలబడి రెండు బిందెలు తెచ్చి, ఆ తర్వాత బడికి పోయేసరికి ఆ పిల్లకు మొదటి పీరియడంతా కళ్ళు మూతలు పడేవి. అనంతపురంలో జిల్లా సైన్సు ప్రదర్శన ఉందనీ, ఎవరేం చేస్తారో చెప్పమనీ శ్రీరంగప్ప సారు అడిగిన రోజు మాత్రం ఆమె మేలుకునే ఉంది.

"మంట లేకుండా సంగటి వేడిచేసేది చెయ్యొచ్చునా సార్?"

శ్రీరంగప్పకు రిటైర్మెంటు ఇంకా రెండేళ్ళు ఉంది. ఆయాసం మనిషి. ఏ పని ఒప్పుకోవాలన్నా ముందు దాని బరువు చూసుకునేవాడు. "కాల్చిన సున్నపుగడ్డ మీద నీళ్ళు పోస్తే ఏమైతాది?" అన్నాడు.

"కుతకుత ఉడుకుతాది సార్."

"అదే నీ పొయ్యి."

తిరుపాలమ్మ తలొంచుకుంది. పెళ్ళయిన కొత్తలో సున్నపుబట్టీలో పనిచేసినప్పుడే తన తల్లి ఎడమకన్ను పోయిందని ఆయనకు తెలియదు. ఆమె చెప్పలేదు. ఇంట్లో సున్నం సంగతీ చెప్పలేదు.

మొదటి ప్రయత్నం బడి వెనకాల చేశారు. రేకుడబ్బాలో సున్నపుగడ్డలు వేసి, వాటి మీద సత్తుగిన్నె పెట్టి, వేడి బయటికి పోకుండా చుట్టూ వేరుశనగ పొట్టు కూరారు. నీళ్ళు పోయగానే బుసబుసమని పొంగింది. కాసేపటికి పొట్టులోంచి సన్నగా పొగ లేచింది. సారు దగ్గుతూనే గబగబా ఇసక తెచ్చి కుమ్మరించాడు. చల్లారాక తీసి చూస్తే గిన్నె అడుగు నల్లగా, గుంటలు గుంటలుగా తినేసి ఉంది.

"సత్తును సున్నం తింటాది. తినేటప్పుడు హైడ్రోజన్ పుడతాది. దానికి అగ్గి తగిలితే పేలతాది. మనం బతికిపోయినాము పాపా," అన్నాడాయన మెట్టు మీద కూలబడి.

ఆ సాయంత్రం నల్లమ్మ కూతురి పావడా అంచున తెల్లటి పొడి చూసింది. వేలితో రాసి చూసుకుంది.

"యాడ తొక్కినావు దీన్ని?"

తిరుపాలమ్మ అంతా చెప్పింది. నల్లమ్మ అరవలేదు. కొట్టలేదు. "నాకు వేడి కూడు వద్దు. నీ కండ్లు నీకుంటే చాలు," అని చాప పరుచుకుని అటు తిరిగి పడుకుంది. మరునాడు మాట్లాడలేదు. ఆ మరునాడూ లేదు. తిరుపాలమ్మ నీళ్ళు తెచ్చింది, అంట్లు తోమింది, బడికి పోయింది. మానేస్తానని సారుతో చెప్పాలనుకుంది గానీ, ఆయన ఇంటినుంచి తన స్టీలు గిన్నె తెచ్చి బల్ల మీద పెట్టి ఉండటం చూసి నోరు రాలేదు.

మూడోరోజు పొద్దున జడ వేస్తూ నల్లమ్మే మాట ఎత్తింది.

"నీళ్ళు పైనుంచి పోస్తాండారా?"

"ఆ."

"అందుకే తుళ్ళుతాది. నాకట్లే పడింది కంట్లో. గడ్డలు గోలికాయంత చేసుకో. కొట్టేటప్పుడు మొహానికి గుడ్డ కట్టుకో, కండ్లకు మీ సారు అద్దాలు పెట్టుకో. మందంగుడ్డలో మూట కట్టి, అడుగున నీళ్ళు పెట్టి ఆ నీళ్ళలో కూచోబెట్టు. అదే తాగుతాది నిదానంగా. మూత తెరిచి వంగి చూడొద్దు. ఎప్పుడూ చూడొద్దు."

"నీకెట్ల తెలుసమ్మా?"

"పోగొట్టుకున్నదాన్ని, నాకు తెలీదా," అంది నల్లమ్మ, జడ చివర ముడి బిగిస్తూ.

రేకుడబ్బా బదులు కుండ వచ్చింది. పొట్టు బదులు బూడిద వచ్చింది. మూతను తాడుతో కట్టి, ఆవిరి పోవడానికి మనిషికి అవతలి వైపు చిన్న రంధ్రం పెట్టారు. బిగుసుకుపోయిన సంగటి మీద కాస్త నీళ్ళు చిలకరించి పెడితే పన్నెండు నిమిషాల్లో డెబ్భై డిగ్రీలకు వచ్చింది. అట్ట మీద సారు పెద్ద అక్షరాలతో 'ప్రమాదం లేని పొయ్యి' అని రాశాడు.

అనంతపురం బస్సులో కుండను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే దిగేసరికి కాళ్ళు తిమ్మిరెక్కాయి. ప్రదర్శనలో కాలేజీ లెక్చరరు ఒకాయన ఆవిరి చూసి, గిన్నె తాకి చూసి, అట్ట చదివాడు.

"నిజంగా ప్రమాదం లేదా దీంట్లో?"

పక్కన సారు నిలబడి ఉన్నాడు. తిరుపాలమ్మ ఒక్కక్షణం ఆయన వైపు చూసింది.

"ఉండాది సార్. మా అమ్మకు కన్ను పోయింది సున్నంతోనే. చెప్పినట్టు చేస్తే ప్రమాదం తక్కువైతాది, అంతే. పసిపిల్లోళ్ళకు అందనీకూడదు. పొట్టు దగ్గర పెట్టకూడదు."

లెక్చరరు తలూపి ఏదో రాసుకుని ముందుకు పోయాడు. మొదటి బహుమతి ఏదో గాలిమరకు వచ్చింది. వీళ్ళకు పాల్గొన్నట్టు ఒక కాగితం ఇచ్చారు. తిరుగుబస్సు సగం దారి వచ్చాక సారు, "ఆ పేరు రాసింది నేను పాపా. తప్పు రాసినాను," అన్నాడు. తిరుపాలమ్మ అప్పటికే నిద్రపోయింది.

సోమవారం నల్లమ్మ ఆ కుండను మిల్లుకు తీసుకుపోయింది. కుళ్ళాయప్ప మూట విప్పించి, నిప్పు కోసం బూడిదంతా కెలికాడు. ఏమీ దొరకలేదు. "ఏమైనా సరే, లోపలికి మాత్రం వద్దు," అన్నాడు. "లోపలికి తేవొద్దని మా పాపే చెప్పింది లేప్పా," అంది నల్లమ్మ. మధ్యాహ్నం గేటు బయట గోడ నీడన బయమ్మ, గంగక్కలతో కలిపి అయిదుగురు ఆడవాళ్ళు దాని చుట్టూ, కాస్త దూరంగా, కూర్చున్నారు. గిన్నెలు ఒకటి తర్వాత ఒకటి పెట్టుకున్నారు. చివరిదానికి వేడి అందలేదు.

సాయంత్రం నల్లమ్మ మెడ పట్టుకుని ఇంటికి వచ్చింది.

"బాగుండాది గానీ బరువు పాపా. మూడు మైళ్ళు నెత్తిన మొయ్యలేను."

తిరుపాలమ్మ కుండ అందుకుని మూలన పెట్టింది.

"బయమ్మ రేపు మోస్తానంది," అంది నల్లమ్మ చాప మీద నడుం వాలుస్తూ. "ఎల్లుండి గంగక్క. వరస పెట్టుకున్నాం."