తోడికోడలి బరువు

జ్ఞానాంబ అన్నం ముందర కూర్చుంటే చాలు, వాళ్ళత్త రాఘవమ్మ పోయి వీధి తలుపు మూసేస్తుంది. గుమ్మానికి దిష్టి గుమ్మడికాయ కట్టింది, కిటికీకి దుప్పటి కప్పింది. చిత్తూరులో వాళ్ళుండే వీధిలో ఓర్వలేనితనం ఊరికే పోదు మరి, ఒంటికి పడతాది. కుళ్ళుకున్నోళ్ళు లావైతారు, ఎవర్ని చూసి కుళ్ళుకున్నారో వాళ్ళు బక్కచిక్కిపోతారు. ఎదురింటాయన కారు కొన్న వారానికే పక్కింటాయన చొక్కాలన్నీ బిగుతైనాయి. కారాయనేమో ప్యాంటు జారకుండా తాడు కట్టుకున్నాడు. దాన్ని గురించి ఎవురూ పెద్దగా మాట్లాడుకోరు. దర్జీ సుబ్రమణ్యం మటుకు బాగా బతుకుతా ఉండాడు.

జ్ఞానాంబకు రొమ్ము క్యాన్సర్. తిరుపతి ఆసుపత్రికి పోయి మందు ఎక్కించుకోని వస్తా ఉండింది.

"ఇంకా బరువు తగ్గితే ఈ మందు మీ ఒళ్ళు తట్టుకోదమ్మా, ఆపేయాల్సి వస్తుంది," అని డాక్టరమ్మ చెప్పేసింది. "బాగా తినండి, రోజూ నడవండి. పడుకునే ఉంటే ఉన్న కండ కరిగిపోతుంది."

అప్పటినుంచి ఇల్లంతా ఆమె చుట్టే. ఉడకబెట్టిన గుడ్లు, చెనక్కాయ ఉంటలు, రాగి సంగటి. మాపటేళ మొగుడు మునిప్రసాద్ మామిడికాయల మండీ నుంచి పెందలాడే వచ్చి, చెయ్యి పట్టుకోని మిద్దె మీద నడిపిస్తాడు. ఇంత చేసినా ఆమె గాజులు మోచేతి దాకా జారిపోతానే ఉండాయి.

వీధి కండ్లకు అన్ని తలుపులు మూసిన రాఘవమ్మ, వడ్డించేదానికి పెద్దకోడలు సిద్ధమ్మను కూర్చోబెట్టింది. ఇంటి మనిషి కదా అని!

ఆ ఇంటి మనిషికే కడుపు మండిపోతా ఉండింది. తనకు గర్భసంచి తీసినప్పుడు ఎవరు గుడ్డు ఉడకబెట్టినారు? కుట్లు ఆరకముందే పొయ్యి కాడ నిలబడింది. తన మొగుడు ఏకాంబరం వీధిలో ఎప్పుడూ నాలుగడుగులు ముందే పోతాడు, వెనక పెండ్లాం వస్తా ఉందో లేదో చూడడు. మిద్దె మీద ఆ ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకోని నడుస్తా ఉంటే, బట్టలు తీసే సాకుతో సిద్ధమ్మ చూస్తా నిలబడేది. జబ్బైనా సరే, అట్ల ఒక్క దినం బతికితే చాలనిపించేది.

ఒక దినం ఆమె రవిక కుట్లు విప్పుకుంటా ఉంటే రాఘవమ్మ చూసింది.

"మొన్ననే కదమ్మే కుట్టించింది? మళ్ళా బిగుతైందా?"

సిద్ధమ్మ సూది కింద పెట్టేసింది. ముసలామెకు అర్థమైపోయింది.

"ఓసి నీ ఇల్లు బంగారంగానూ! ఊరందరికీ తలుపేసి, నిన్ను దాని ముందర కూర్చోబెట్టినానే!"

"నేనేం సేసేది అత్తా? కండ్లు మూసుకోని వడ్డించి కూడా సూసినా. మూసుకుంటే ఇంకా బాగా కనబడతాది." సిద్ధమ్మ ఏడ్చేసింది. "అది సచ్చిపోవాలని నాకు లేదు. దానికి జరిగేది నాకు జరగలేదే అని, అంతే."

"మానుకోరాదా?"

"మానుకుంటే మానేదా ఇది?"

తిరుపతికి పోయే దినం దగ్గర పడింది. పోయిన బరువు తిరిగి రావాలంటే దారి ఒకటే. జ్ఞానాంబే సిద్ధమ్మను చూసి కుళ్ళుకోవాల. కానీ ఆమెకు దేని మీదా ఆశే లేదు. తలకు గుడ్డ చుట్టుకోని, గోడ పక్కకు తిరిగి, "నాకేం వద్దక్కా," అంటా ఉంటాది.

ఆ సాయంత్రం సిద్ధమ్మ మొగుణ్ణి పట్టుకునింది.

"ఇదో, మిద్దె మీదికి రా. నడవాల."

"నాకేం రోగం?"

"రోగం వస్తేనే నడుస్తావా నాతో?"

ఏకాంబరం ఆమె వెనకాలే మిద్దెక్కినాడు. పెండ్లాం చెయ్యి ఎట్ల పట్టుకోవాలో తెలీక కూరగాయల సంచి పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. రెండు మూడు దినాలకు, అన్నదమ్ములిద్దరూ పోయే మండీ కబుర్లు చెప్పడం మొదలుపెట్టినాడు, ఆమె పడీ పడీ నవ్వింది. సిద్ధమ్మ కడుపులో మంట దానంతటదే ఆరిపోయింది. జ్ఞానాంబ బరువు తగ్గడం ఆగింది. కానీ పోయింది మాత్రం రాలేదు.

"బాగుండారక్కా ఇద్దురూ," అని ఆమె ఊరికే నవ్వేది.

అప్పుడు సిద్ధమ్మ చేయకూడని పని చేసింది. మిద్దె దిగి, చెమటతోనే జ్ఞానాంబ ముందర కూర్చోని జడ విప్పింది. తీరిగ్గా దువ్వి, కొప్పు పెట్టి, కనకాంబరాలు తురుముకునింది.

"అబ్బా, నా జుట్టుకు మూరెడు పూలు ఏ మూలకూ సాలవు గదా! నడిస్తే ఏం ఆకలేస్తాదమ్మా!" అని సంగటి ముద్ద కోడి పులుసులో ముంచి లొట్టలేసుకుంటా తినింది.

జ్ఞానాంబ చెయ్యి తలగుడ్డ మీదికి పోయింది.

"సిగ్గుందా అక్కా నీకు? బోడిదాని ముందర కూర్చోని..."

"నీకేం వద్దు గదా, నేను తింటే నీకేంది?"

"ఇట్ల తే ఆ గిన్నె!"

కండ్లనీళ్ళు కారతా ఉండగానే తినింది. లేచి, మునిప్రసాద్ వచ్చేదాకా ఆగకుండా, గోడ పట్టుకోని మిద్దెక్కింది. "నువ్వొక్కదానివేనా నడిచేది!" అని పైనుంచి అరిచింది. తెల్లారి ఆమె గాజులు మణికట్టు కాడ నిలబడినాయి.

"పాపం, అది నిన్ను నోటికొచ్చినట్టు తిడతా ఉండాది. నిజం సెప్పేయమ్మే," అనింది రాఘవమ్మ.

"సెప్తే కుళ్ళు పోతాది, దాంతో బరువూ పోతాది. మందు అయిపోనీ అత్తా."

తిరుపతిలో డాక్టరమ్మ బరువు చూసి తలూపింది. జ్ఞానాంబను మంచం మీద పడుకోబెట్టి సూది గుచ్చినారు. మందు చుక్క చుక్కగా దిగతా ఉంటే, గది వాకిలి బయట బెంచీ మీద ఏకాంబరం పక్కన కూర్చున్న సిద్ధమ్మను, ఆ కొప్పులో పూలను ఆమె మండిపోతా చూసింది.

సిద్ధమ్మ చేతిగాజు ఒకటి జారి నేల మీద దొర్లింది. ఆమె వంగి తీసుకోని, మోచేతి దాకా ఎక్కించుకునింది. పూలు సరిచేసుకునింది. ఏకాంబరానికి ఇంకొంచెం దగ్గరగా జరిగి, అతను ఏమీ చెప్పకుండానే, లోపలికి వినపడేట్టు నవ్వింది.