మూడో పొర అని రాసిన చీటీ

నేను ఒక సున్నపు గడ్డను. ఉసిరికాయంత ఉంటాను, చూపుకు ఏమంత బాగోను. ఇరవై కోట్ల ఏళ్లకు ముందే ఎర్రమట్టిలో పుట్టాను. అప్పట్లో లోకమంతా ఉడికిపోయేది. వాన పడేది, నేల ఎండేది. ఎండినప్పుడల్లా నీటిలోని సున్నం రవ్వ రవ్వగా చేరి నేనయ్యాను. నా నుంచి చిటికెడు పొడి గీకి యంత్రంలో పెడితే చాలు, నాలోని ఆక్సిజన్‌లో బరువుదెంత, తేలికదెంత అని చూసి ఆనాటి వానల తీరు చెప్పేస్తారు. కార్బన్‌ను చూసి గాలి సంగతి చెబుతారు. ఆ గర్వం నాకు బాగానే ఉండేది.

ఒక వానాకాలం గట్టు కరిగి, ఆసిఫాబాద్ దగ్గర పై పొరలోంచి వాగు పక్కకు జారిపడ్డాను. వేసవిలో నిరుపమ అనే పరిశోధకురాలు వచ్చి, గట్టులో కింద ఉన్న మూడో పొర ముందు పడి ఉన్న నన్ను తీసుకుంది. ఆమెకు గట్లు తవ్విపెట్టే కొడప జంగు చూశాడు.

"అది పైకెల్లి జారింది మేడం. దాని జాగ గిది కాదు. లోపలికి మూరెడు తవ్వుదాం."

"ఎండకు కళ్లు తిరుగుతున్నాయి జంగన్నా. ఈ ఒక్కటీ పర్లేదు."

సంచి చీటీ మీద "మూడో పొర, తవ్వి తీసినది" అని రాసింది. జంగుకు చదువు రాదు.

యంత్రం ముందు నేను నా పొర వానల గురించి నిజమే చెప్పాను. చీటీయే వేరే పొరది. గడ్డకో చుక్క పెట్టిన కాగితం మీద మిగతా చుక్కలన్నీ ఒకచోట బుద్ధిగా ఉంటే నేనొక్కదాన్నే ఎక్కడో తేలాను. ఇదేమిటని ఆమె పరిశోధన చూసే ప్రొఫెసర్ అడిగాడు.

"జంగు సంచులు కలిపేశాడేమో సార్," అంది నిరుపమ.

"అయితే వచ్చే ఏడు ఇంకో మనిషిని చూసుకో."

సిగ్గుతో చచ్చిపోయాను. కోట్ల ఏళ్ల నాటి వాన చెప్పగలిగిన నేను, మొన్నటి మధ్యాహ్నం ఏం జరిగిందో చెప్పలేకపోయాను. నాకైతే నోరు లేదు, ఆమెకేమైంది?

రెండు రోజులు నన్ను సొరుగులో దాచింది. మూడో రోజు ప్రొఫెసర్ బల్ల మీద పెట్టి, ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన ఆ చుక్క కొట్టేసి, మళ్లీ తవ్వుకు రమ్మన్నాడు.

మరుసటి వేసవిలో నన్ను అరచేతిలో పెట్టుకుని జంగు ముందు నిలబడింది. "నా తప్పు నీ మీద పెట్టాను జంగన్నా."

జంగు నన్ను చేతిలోకి తీసుకున్నాడు. "మీరు చెప్పకుంటే నాకు ఎర్కనే కాకపోవు," అన్నాడు. నన్ను వాగులోకి విసిరి, గడ్డపార అందుకున్నాడు.

ఇక్కడి నుంచే వింటున్నాను. ఒక్కో సంచి కట్టగానే అతను తవ్వడం ఆపుతాడు.

"ఏం రాసిండ్రో చదివి చెప్పుండ్రి మేడం."

ఆమె తల వంచుకుని చదువుతుంది. మొత్తం విన్నాకే మళ్లీ గడ్డపార ఎత్తుతాడు.