ఐదో సీల

పెద్ద వరద నీళ్ళు సరుకుల గోదాము మూడో మెట్టెక్కి దిగిన తర్వాత పంతొమ్మిదో ఏడు. గోదాములో బస్తాలు తూచే ఆయన పొద్దున్నే కిటికీ దగ్గర కూర్చుని ఇత్తడి సీల అరగదీస్తున్నాడు. సీలంటే బియ్యపుగింజంత ముక్క. తాళం కప్పలో అలాంటివి ఐదుంటాయి. ఐదూ సరిగ్గా లేస్తేనే కప్ప తెరుచుకుంటుంది. ఆయన వాటి నడుముకి ఆకురాయితో గాడి తీస్తాడు. గాడి ఉన్న సీల దారిలో చిక్కుకుని, లేచినట్టే నటిస్తుంది.

కళ్ళజోడుకి ఒక కాడ విరిగితే దారం కట్టుకున్నాడు. బస్తాలు పట్టీ పట్టీ వేళ్ళు మొద్దుబారాయి గానీ, ఆకురాయి అందుకుంటే పసిబిడ్డకి గోళ్ళు తీస్తున్నంత మెత్తబడతాయి.

కిటికీని ఆనుకున్న మంచం మీంచి వదిన చూస్తోంది. అన్న పోయాక ఇంట్లో ఉన్నది వాళ్ళిద్దరే.

ఆ వరదలో ట్రంకుపెట్టె తాళంచెవి కొట్టుకుపోయింది. ఆయన సుత్తి వెతుక్కునేలోగా వదిన తలపిన్నుతో కప్ప తీసేసింది. “ఇది తాళమా మరిదీ, చొక్కా గుండీనా?” అంది. ఆ మాట ఆయనకి గుచ్చుకుంది. అప్పట్నుంచీ కప్పలు కొనడం, పొట్ట విప్పి ఇంకా గట్టి సీలలు పెట్టడం, ఆవిడకివ్వడం. ఆవిడ తీసెయ్యడం. మొదటిది పాలు పొంగేలోగా తీసింది. నిరుటిది పదకొండు రోజులు పట్టింది. ఆవిడ చేతిలో ఓడిన కప్పలే ఇప్పుడు వీధిలో సగం తలుపులకి కాపలా.

ఈసారిది నెలయినా రాలేదు. తాళంచెవి కన్నంలో దూర్చిన వంపు తీగని ఎడంచేత్తో కాస్త తిప్పి పట్టుకోవాలి, కుడిచేత్తో తలపిన్ను పెట్టి ఒక్కో సీలనీ లేపాలి. తీగ వదిలితే లేచినవన్నీ రాలిపోతాయి. వదిన ఎడంచెయ్యి వణుకుతోంది. గుండె అలిసిపోయిందన్నాడు డాక్టరు. పంతొమ్మిదేళ్ళుగా గెలవాలని చూసినవాడికి ఇప్పుడు గెలుపు ఒంటబట్టలేదు. మొన్న ఆవిడ పడుకున్నప్పుడు రెండు సీలలు తీసేశాడు. నిన్న ఆవిడ చిటికెలో తెరిచింది. తెరిచి సంతోషించలేదు.

“ముసలిదాన్ని కదా అని రెండు మింగేశావా?”

“తుప్పు పట్టాయి వదినా.”

“ఇత్తడికి తుప్పేమిటయ్యా? అబద్ధమాడ్డం కూడా నేనే నేర్పాలా నీకు? ఐదూ పెట్టు. ఇంకాస్త గట్టివి పెట్టు.”

అందుకే ఈ పొద్దున ఈ పని. ఐదో సీల దింపి, కప్ప మూసి, కిటికీ చెక్కమీది చిన్న వైసు ఇనప దవడల మధ్య అడ్డంగా బిగించాడు.

“చెయ్యి వణికితే వణికింది. తూకంరాయి వణకదుగా, ఒకటి ఇటివ్వు,” అంది వదిన.

ఆయన సంచీలో అరిగిపోయిన యాభై గ్రాముల రాయి ఉంది. దాన్ని దారంతో తీగ చివర కట్టాడు. రాయి బరువుకి తీగ కొంచెం కిందికి తిరిగి ఆగింది.

“అదీ! పంతొమ్మిదేళ్ళూ ఈ ముక్క తోచలేదు చూడు మనకి. పో, ఆలస్యమవుతుంది.”

గోదాములో హమాలీ అడిగాడు. “మీ వదినగారు తీశారా?”

“లేదు.”

“అయితే గెలిచారన్నమాట!”

ఆయన ఆ బస్తానే రెండుసార్లు తూచాడు.

సాయంత్రం గుమ్మంలో చెప్పులు విడుస్తూ, రోజూ అడిగినట్టే, “ఎన్ని లేచాయి?” అన్నాడు. రోజూ “రెండు”, “రెండున్నర” అని ఏదో ఒకటి వినిపించేది. ఇవాళ వినిపించలేదు. వదిన కిటికీవైపు తిరిగి దిండుకానుకుని ఉంది. కళ్ళు మూసుకున్నాయి. తలపిన్ను ఒళ్ళో పడి ఉంది. ఆయన ఆవిడ చెయ్యి పట్టుకుని చూశాడు. చల్లబడి చాలాసేపయింది.

ఇరుగుపొరుగు వచ్చారు. చెయ్యవలసినవి చేశారు. ఎవరో కిటికీ వెయ్యబోతే, “దాని జోలికి పోకండి,” అన్నాడు.

దినాలయిన మర్నాడు పొద్దున ఖాళీ మంచం పక్కన కూర్చుని, వదిన తలపిన్నుతో మెల్లిగా లోపల తడిమి చూశాడు. మొదటిది కదల్లేదు, నిలబడి ఉంది. రెండోది, మూడోది, నాలుగోది కూడా. ఐదోది మాత్రం స్ప్రింగు మీద లేచి పడింది.

“నాలుగు,” అన్నాడు.

ఇంకొక్కసారి నొక్కితే తెరుచుకునేది. పిన్ను బయటికి తీసి జేబులో పెట్టుకుని, సంచీ తగిలించుకుని గోదాముకి బయల్దేరాడు. కిటికీలో తూకంరాయి, నాలుగు సీలల్ని అలాగే నిలబెట్టి, దారానికి కదలకుండా వేలాడుతోంది.