ఆచారి చేతి కింద నల్లపలక

నేను ఒక నల్లపలకని. బలపంతో అఆలు దిద్దే పలకని కాదు లెండి. నన్ను కంప్యూటరుకి తగిలించి, నామీద ప్లాస్టిక్ పెన్నుతో గీస్తే బొమ్మ ఎదురుగా తెరమీద పడుతుంది. ఒళ్లంతా గీయించుకున్నా ఒక్క గీతా నాకు దక్కదు. మొదట్లో దానికి తెగ కుళ్లుకునేదాన్ని.

పుట్టింది ఎక్కడో దూరదేశపు ఫ్యాక్టరీలో. నన్ను మొదట కొన్నది విజయవాడలో ఒక బ్యాంకు ఉద్యోగి. బొమ్మలు నేర్చుకుంటానని ఊరంతా చెప్పుకుని జనవరిలో కొన్నాడు, ఫిబ్రవరికల్లా నామీద కాఫీ కప్పు పెట్టడం మొదలెట్టాడు. నేర్చుకోవడం కన్నా నేర్చుకుంటున్నామని చెప్పుకోవడం ఈ మనుషులకి మహా ఇష్టం.

అక్కణ్ణుంచి నన్ను షమీమ్ తెచ్చుకుంది. ఆ అమ్మాయి చదివింది డిజైను, చేసేది గోడలమీదా గుడ్డలమీదా ప్రొజెక్టరుతో కదిలే బొమ్మలు వేయడం. ఏం పని చేస్తావమ్మా అని ఎవరైనా అడిగితే, ఆమె చెప్పి ముగించేసరికి టీ చల్లారిపోయేది. వాళ్లమ్మ మాత్రం "మా అమ్మాయి కంప్యూటర్లు" అని ఒక్క ముక్కలో తేల్చేసేది.

బందరులో కొత్తగా తెరవబోయే ఒక వస్త్రాల మ్యూజియంలో పెద్ద హాలు షమీమ్‌కి అప్పజెప్పారు. తెల్లగుడ్డ గోడమీద కలంకారీ ఏనుగులూ హంసలూ ఊరేగింపుగా కుడిపక్కనున్న గుమ్మంవైపు నడవాలి. పాత బొమ్మల్ని ఫొటోలు తీసి అతికించడం ఆమెకి మనసొప్పలేదు. గీసే చెయ్యి కావాలంటూ పెడన వెళ్లి సోమలింగాచారిని పట్టుకుంది.

ఆయనకి యాభై దాటాయి. ముప్పయ్యేళ్లుగా టేకు దిమ్మలమీద అద్దకం అచ్చులు చెక్కాడు. స్క్రీన్ ప్రింటింగు వచ్చాక అచ్చులు అడిగేవాళ్లు తగ్గిపోయారు, ఆ ఏడు ఒక్కరూ గడప తొక్కలేదు. కైకలూరు దగ్గర రొయ్యల చెరువుకి కాపలా ఉండమని బావమరిది ఒకటే పోరు. దసరా దాకా చూస్తాను, ఈ కొత్త పని కుదరకపోతే వచ్చేస్తానని మాటిచ్చాడు. అద్దాల బీరువాలో పెడతాం, మీ తాతలనాటి ఉలులు ఇమ్మని మ్యూజియం ఆఫీసరు అడిగితే దానికీ సరేనన్నాడు. ఇంక వాటితో నాకేం పనిలెండి అన్నాడు గానీ, వాటిని మూటగట్టి ఇంట్లోనే అట్టేపెట్టుకున్నాడు.

మొదటిరోజు నా వీపు చీరేశాడనుకోండి. పెన్నుని ఉలిలా పట్టి అదుముడంటే అదుముడు! వారంలో నాలుగు పెన్ను ములుకులు అరిగిపోయాయి. గీత గీసినప్పుడల్లా, లేని చెక్కపొట్టుని ఉఫ్ అని ఊదేవాడు. షమీమ్ నవ్వాపుకోలేక అటు తిరిగేది. నాకు మాత్రం ఆ ఊదుడు భలే బాగుండేది.

అసలు సంగతి ఎవరికీ తట్టలేదు, నేను చూస్తే నోరు లేనిదాన్నాయె. అచ్చు చెక్కేవాడు ఏదైనా తిరగేసి చెక్కాలి. దిమ్మమీద ఏనుగు ఎడమకి నడిస్తేనే గుడ్డమీద కుడికి నడుస్తుంది. అందుకని కుడికి నడిచే ఏనుగు కావాలంటే ఆయన చెయ్యి దానంతటదే ఎడమకి గీసేది. తెరమీద కనబడేది కూడా దిమ్మలాంటిదే, గుడ్డమీద పడ్డప్పుడు తిరుగుతుందిలే అని ధీమాగా ఉన్నాడు.

ఇరవై బొమ్మలు అలాగే అయ్యాయి. అప్పుడు షమీమ్ ఒక హంసని గోడమీద వేసి చూపించింది. అది తిరగలేదు. అప్పటికి గానీ ఆచారికి తన తప్పు తెలియలేదు. రంగుల గొడవలో ఉన్న షమీమ్‌కి హంస ఎటు చూస్తోందో పట్టలేదు. చెబితే ఉన్న ఈ ఒక్క పనీ పోతుందని ఆయన నోరు మెదపలేదు. మిగతా ఇరవైరెండూ తిన్నగా గీశాడు. చెయ్యి ఒకవైపు పోతానంటే ఆయన ఇంకోవైపు లాగేవాడు, ఆ పెనుగులాటంతా నాకు తెలిసేది. ఊదడం కూడా మానేశాడు. నాకు ఆయనమీద ముందు కోపమొచ్చింది, తర్వాత జాలేసింది.

ట్రయల్ రోజున ఆఫీసరు కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. ప్రొజెక్టరు వెలిగింది. సగం ఏనుగులు గుమ్మంవైపు నడుస్తుంటే సగం ఎదురొస్తున్నాయి. మధ్యలో హంసలు ఇరుక్కుని, పండగనాటి బస్టాండులా తయారైంది. ఆఫీసరు ప్రొజెక్టరు నడిపే వెంకటరత్నాన్ని పట్టుకుని దులిపేశాడు. రేపట్నుంచి ఈ మనిషి ఇక్కడ కనబడకూడదని షమీమ్‌కి చెప్పేశాడు. పాపం వెంకటరత్నం, మిషన్లో ఏదో తేడా ఉందంటూ వైర్లు తడుముకుంటున్నాడు.

సోమలింగాచారి లేచి నిలబడ్డాడు.

"అతన్నేం అనకండి సార్. తప్పు నాది. సగం బొమ్మలు అచ్చు చెక్కినట్టు తిరగేసి గీశాను. తెలిశాక కూడా చెప్పలేదు. భయమేసిందమ్మా."

షమీమ్ కంప్యూటరు దగ్గరికెళ్లింది. ఒక మీట నొక్కింది. ఇరవై బొమ్మలూ రెప్పపాటులో ఇటు తిరిగి గుమ్మంవైపు నడిచాయి. ఆచారి ఆ మీటవైపే చూస్తూ కుర్చీలో కూర్చున్నాడు. ఇన్నాళ్లు గుండెల్లో మోసిందంతా ఒక్క మీటతో పోతుందని ఆయనకేం తెలుసు! నా ముప్పయ్యేళ్ల చెయ్యి ఈ మీటపాటి చెయ్యదన్నమాట అనుకుని ఉంటాడు, ఆ చూపు అలాగే ఉంది.

ఇంకేం, అయిపోయిందిగా అని ఆఫీసరు లేచాడు. షమీమ్ కదల్లేదు. గోడమీది బొమ్మల్ని ఒక్కొక్కటే చూసి, ఆచారి పక్కకొచ్చి కూర్చుంది.

"బాబాయ్ గారూ, మీరు తిరగేసి గీసిన ఏనుగులే నడుస్తున్నాయి. తిన్నగా గీసినవి కదులుతున్నా నిలబడ్డట్టే ఉన్నాయి. ఆ ఇరవైరెండూ మళ్లీ గీయండి. మీ చెయ్యి ఎటు పోతే అటే పోనివ్వండి. తిప్పడం మిషన్ పని."

హాలు తెరవడానికి పది రోజులుంది. ఆచారి పెడనలో మూట విప్పి ఉలులు బయటికి తీశాడు. చెయ్యి దారిలో పడాలని పొద్దున్నే టేకు ముక్కమీద ఏనుగుని చెక్కడం, మధ్యాహ్నం అదే ఏనుగుని నామీద గీయడం. మళ్లీ ఉఫ్ అని ఊదాడు. ఏడుపొచ్చినంత పనైంది నాకు.

హాలు తెరిచినరోజు మళ్లీ గీసిన ఇరవైరెండూ నిజంగానే నడిచాయి. సాయంత్రం ఆఫీసరు ఖాళీ బీరువా చూపించి ఉలులేవండీ అనడిగాడు. ఇవ్వలేనండి, షమీమ్ ఇంకో హాలు ఒప్పుకుంది, రేపు పనుంది అన్నాడు ఆచారి. చెరువుకి వేరే మనిషిని చూసుకోమని బావమరిదికి అప్పటికే ఫోను చేసేశాడు.

మరి బీరువాలో ఏం పెట్టాలి? ఆయన అదుముడికి నా నడుమ అరచెయ్యంత మేర అరిగి, పెన్ను గీత పట్టడం మానేసింది. నన్ను పెట్టారు. కింద చీటీ అంటించారు: "అచ్చులు చెక్కే సోమలింగాచారి గారు ఈ పలకమీద గీశారు." మొన్న పుట్టిన నేను మ్యూజియంలో ఉన్నాను. ఆయన తాతల ఉలులు పొద్దున్నే పనిలోకి దిగుతున్నాయి.