వణికిన గీత

మధ్యాహ్నం టీ వచ్చేసరికి సూర్యప్రభ కిట్టులో మూడో ఐసీ చిప్పు మార్చింది. అయినా ఆసిలోస్కోపు తెర మీద గీత వణుకుతూనే ఉంది.

దిల్‌సుఖ్‌నగర్ సందులో కింద బట్టల కొట్టు, పైన హాస్టల్, నడుమ బాల్‌రాజ్ వర్క్‌షాపు. ఇంజినీరింగ్ కాలేజీల ల్యాబులకు కిట్లు చేసి పంపుతారు. మధు సోల్డరింగ్ చేస్తాడు, సూర్యప్రభ పరీక్షిస్తుంది. బాగుంటే మూత స్క్రూ మీద ఎర్ర నెయిల్ పాలిష్ చుక్క పెడుతుంది. చుక్క లేని కిట్టు మెట్లు దిగదు. ఆమె గోళ్లకు మాత్రం ఆ భాగ్యం ఎన్నడూ పట్టలేదు.

ఈ కిట్టుకు పని ఒక్కటే. లోడు ఎంత మారినా అందులోంచి పోయే కరెంటు మారకూడదు. ఐసీ దానికి కాపలా. అడుగునున్న చిన్న రెసిస్టర్‌కు స్కోపు తీగ చివరనున్న ప్రోబ్ ఆనిస్తే గీత తిన్నగా పడుకోవాలి. ఇదేమో పాము తోకలా కొట్టుకుంటోంది. మీటరులో అంకె కదలడం లేదు గానీ, మీటర్లు మొహమాటపడతాయని ఆమె నమ్మకం.

కొన్ని వారాలుగా ఇలాంటివన్నీ మధుకు తిప్పి పంపుతోంది, అయినా బాగవ్వనివి బీరువాలో పడేస్తోంది. ఈ విడత కూడా చెడితే మధును మానిపిస్తానని బాల్‌రాజ్ పొద్దున్నే చెప్పేశాడు. ఇద్దరు పిల్లల తండ్రి మధు. అతికినదాన్నే మళ్లీ అతుకుతున్నాడు.

ప్రోబ్ మొనకు కొక్కెం తొడుగు ఉంటుంది, తగిలించి వదిలేయొచ్చు. సూర్యప్రభ వాడదు. డిప్లొమా రోజుల నుంచీ సూదిమొన చేత్తో ఆనించడమే. చీమ కాలికైనా ఆనించగలదని పేరు.

ఫోన్ మోగింది. భర్త ప్రసన్నకుమార్. ఎల్‌బీ నగర్‌లో కూరల బండి దగ్గర నిలబడి, చిక్కుడుకాయలు ముదిరాయి, తేనా మాననా అని. రిటైరయ్యాక ఆయనకు కూరగాయలే ఫైళ్లు. చెయ్యి ఖాళీ లేక, సొరుగులోంచి తొడుగు తీసి కొక్కేన్ని రెసిస్టర్‌కు తగిలించింది. “ముదిరినవి వద్దండీ” అంటూ తెర వైపు చూసింది.

గీత తిన్నగా పడుకుని ఉంది.

ఫోన్ పెట్టేసి, తొడుగు తీసి, చేత్తో ఆనించింది. వణికింది. మళ్లీ తగిలించింది. పడుకుంది.

బీరువాలో తాను పక్కన పడేసిన కిట్లన్నీ తీసి ఒక్కొక్కటే చూసింది. అన్నీ మంచివే.

పక్కన టీ చల్లారిపోయింది. సగం గ్లాసే ఉంది. ఇంట్లో ప్రసన్నకుమార్ ఇచ్చే కాఫీ కూడా ఈమధ్య సగమే. పాలు పొదుపు చేస్తున్నాడని ఎత్తిపొడిచింది కూడా.

గ్లాసుల కోసం వచ్చిన టీ కొట్టు ముత్తమ్మను అడిగింది.

“టీ సగమే పోస్తున్నావేం?”

“నిండ పోస్తే ఒలుకుతుంది గదమ్మా.”

“ఎప్పటి నుంచి?”

“బోనాల పండుగ కాడి నుంచి.”

సూర్యప్రభ చేతులు ఒళ్లోకి తీసుకుంది. తర్వాత మధును పిలిచి, తప్పు అతనిది కాదని, తన చేతిదని చెప్పింది. మధు నేలకేసి చూశాడు.

“ఎరుకనే మేడం. మీకెట్ల జెప్పాలె?”

బాల్‌రాజ్‌తో, మధు పనిలో లోపం లేదని, రేపటి నుంచి పరీక్ష కూడా అతనే చూస్తాడని, కొక్కెం తగిలించి చూడమని చెప్పింది.

“మరి మీరేం జేస్తరమ్మా?”

“మా ఇంట్లో చిక్కుడుకాయలు ఏరేవాళ్లు లేరండీ.”

కిట్లన్నిటికీ చుక్కలు పెట్టింది. చివరిదాని మీద ఎరుపు స్క్రూ దాటి మూత మీదికి పాకింది. తుడవలేదు. టిఫిన్ డబ్బా సంచిలో వేసుకుని, రెయిలింగ్ పట్టుకుని మెట్లు దిగింది.

బల్ల మీద నెయిల్ పాలిష్ సీసా, మూత సగమే తిప్పి ఉంది.